పదిహేనేళ్ల అమ్మాయితో తొలి విదేశీ ప్రయాణం: ఉన్న డబ్బుతో ఎలా కుదుర్చుకోవాలి?

ప్రశ్న
తొలిప్రయాణం:

నమస్కారం. మా అమ్మాయికి పదిహేనేళ్లు నిండాయి. వచ్చే పెద్ద సెలవుల్లో తనతో కలిసి మొదటిసారి విదేశానికి వెళ్లాలని అనుకుంటున్నాను. మా ఇద్దరికీ ఇదే తొలి విదేశీ ప్రయాణం. వాళ్ల నాన్నగారికి సెలవు దొరకదు కనుక వెళ్లేది మేమిద్దరమే. ఈ ప్రయాణం కోసమని చాలాకాలంగా కొంత డబ్బు పక్కన పెడుతూ వచ్చాను. అది ఇక పెరిగేది కాదు, అప్పు చేసి వెళ్లే ఉద్దేశమూ లేదు.

అమ్మాయి మనసు జపాన్ మీద ఉంది. ఐరోపాకు వెళితే ఒకే వీసాతో నాలుగైదు దేశాలు చుట్టి రావచ్చని బంధువులు చెబుతున్నారు. ఒక టూర్ కంపెనీ వారిని అడిగితే అన్నీ కలిపిన ప్యాకేజీ ఒకటి చూపించారు. పొద్దున్న ఆరింటికి బస్సెక్కి రాత్రి తొమ్మిదింటికి దిగే ఆ పట్టిక చూసి మా అమ్మాయి, "దీనికన్నా బడే నయం" అంది. తను అన్నదాంట్లో అన్యాయమేమీ నాకు కనిపించలేదు.

అందుకే సొంతంగా ఏర్పాట్లు చేసుకోవాలనుకుంటున్నాను గాని, ఏ పని ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో తెలియడం లేదు. ఈ వయసు వారికి పిల్లల టికెట్ ఉంటుందా, పెద్దల టికెట్టే కొనాలా? తండ్రి వెంట లేకుండా మైనరును దేశం దాటిస్తున్నప్పుడు ఎవరైనా అభ్యంతరం చెబుతారా? ఖర్చు అదుపు తప్పేది ఏయే చోట్ల? ఇంకొక్క మాట: కొత్త దేశంలో ఆ వయసు పిల్లకు ఎంత స్వేచ్ఛ ఇవ్వవచ్చో కూడా అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.


సమాధానం
పాతబాటసారి:

మీరు అడిగిన వాటిలో టికెట్ సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మిగతా లెక్కలన్నీ దాని వెనకే వస్తాయి. ప్రయాణాల్లో పదిహేనేళ్లంటే ఎటూ కాని వయసు. విమాన సంస్థ లెక్కలో మీ అమ్మాయి పెద్దవారి కిందే, ఇమిగ్రేషన్ అధికారి లెక్కలో పిల్ల, మ్యూజియం గుమ్మం దగ్గర మళ్లీ పిల్లే. ఎక్కడ ఏ లెక్క వర్తిస్తుందో ముందే చూసుకుంటే మిగిలే డబ్బు తక్కువేమీ కాదు.

విమానాల్లో పిల్లల ధర సాధారణంగా 2 నుంచి 11 ఏళ్ల వారికే ఉంటుంది. పన్నెండు నిండితే పూర్తి టికెట్. షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) రుసుములో కూడా అదే గీత ఉంది: 2024 జూన్ నుంచి 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45 యూరోలు, పన్నెండు దాటిన అందరికీ 90 యూరోలు. జపాన్ రైళ్లలో 6 నుంచి 11 ఏళ్ల వారికి సగం ధర, ఆ తరువాత పూర్తి ధర. కాబట్టి ఇటువంటి పెద్ద ఖర్చుల విషయంలో మీరు ఇద్దరు పెద్దవాళ్లు ప్రయాణిస్తున్నట్టుగానే లెక్క వేసుకోండి. "పిల్లే కదా, కొంత తగ్గుతుంది" అనే ఊహతో మొదలుపెడితే బడ్జెట్ మొదటి రోజే తలకిందులవుతుంది.

తగ్గింపులు దొరికేది ఆ తరువాతి చిన్న ఖర్చుల్లో. పారిస్‌లోని లూవ్ర్, ఓర్సే మ్యూజియాలకూ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియానికీ, మాడ్రిడ్‌లోని ప్రాడోకూ పద్దెనిమిదేళ్ల లోపు వారికి ప్రవేశం ఉచితం. రోమ్‌లోని కలోసియం వంటి ఇటలీ ప్రభుత్వ కట్టడాల్లోనూ అంతే. ఏ దేశపు పిల్లలైనా సరే ఈ వెసులుబాటు ఉంటుంది గాని, వయసు చూపే పత్రం చేతిలో ఉండాలి. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీల శాశ్వత ప్రదర్శనలు అందరికీ ఉచితమే. అక్కడి రవాణాలో 11 నుంచి 15 ఏళ్ల వారికి 'యంగ్ విజిటర్' అనే తగ్గింపు ఉంది: ఆయిస్టర్ అనే ప్రయాణపు కార్డు తీసుకుని స్టేషన్‌లోని సిబ్బందిని అడిగితే వారు దాన్ని కార్డులో నమోదు చేస్తారు, పద్నాలుగు రోజుల వరకు సగం ఛార్జీయే పడుతుంది. మనం అడగకపోతే దానంతట అది రాదు. ఐరోపా దేశాల రైళ్లలో తిరగడానికి ఇచ్చే యూరైల్ పాసులో 12 నుంచి 27 ఏళ్ల వారికి యువ ధర అని వేరే ఉంది.

ఇక పనుల వరుస. అన్నిటికన్నా ముందు పాస్‌పోర్టులు. తిరుగు ప్రయాణపు తేదీ తరువాత కూడా ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. షెంగెన్ దేశాలు మూడు నెలలు చాలంటాయి గాని, పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటి ఉండకూడదంటాయి. మైనర్ల పాస్‌పోర్టులకు చాలా దేశాలు తక్కువ గడువే ఇస్తాయి కనుక, ఎప్పుడో తీయించి బీరువాలో పెట్టినది ఉంటే గడువు తేదీ ఈరోజే చూడండి. తరువాత దేశం, ఆ తరువాత వీసా నిబంధన, అప్పుడు తేదీలు. వీసా చేతికి రాకముందే డబ్బు వాపసు రాని టికెట్ కొనడం మంచిది కాదు. దరఖాస్తుకు చాలాచోట్ల రిజర్వేషన్ చూపిస్తే సరిపోతుంది. షెంగెన్ దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు ఇచ్చి తీరాలి. నిర్ణయానికి మామూలుగా పదిహేను రోజులు పడుతుంది గాని, కొన్ని దరఖాస్తులను నలభై అయిదు రోజుల దాకా పరిశీలనలో ఉంచుకునే వీలు వారికి ఉంది. సెలవుల కాలమైతే అపాయింట్‌మెంటు దొరకడమే అసలు పరీక్ష.

ఒకే వీసాతో నాలుగు దేశాలన్న మాట నిజమే. అయితే వీసా ఒకటే అయినంత మాత్రాన రైలు ఛార్జీలు ఒకటి కావు. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది, సామాను దాచుకునే ఖర్చు, స్టేషన్ నుంచి గదికి చేరే ఖర్చు, ఆకలేసి దొరికినచోట తినే ఖర్చు వచ్చి పడతాయి. తొలి ప్రయాణానికి ఒక దేశం, అందులో రెండు ఊళ్లు చాలు. చౌక విమానాల సంగతిలో కూడా చివరి మొత్తమే చూడాలి. 'పారిస్' అని రాసి అమ్మే కొన్ని చౌక టికెట్లు బోవే విమానాశ్రయంలో దింపుతాయి; అది నగరానికి దాదాపు 85 కిలోమీటర్ల దూరంలో ఉంది. బస్సు టికెట్లు రెండు, పోయే సమయం, సామానుకు వేరే రుసుము కలిపాక ఆ టికెట్ చౌకగా మిగలకపోవచ్చు. రెండు వేర్వేరు టికెట్లు కొని మధ్యలో మారే పద్ధతి మాత్రం మొదటిసారి వెళ్లేవారు పెట్టుకోకండి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ చెల్లకుండా పోతుంది. పైగా సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలంటే ఆ మధ్య దేశంలోకి అడుగు పెట్టవలసి వస్తుంది, దానికి మరో వీసా అవసరం కావచ్చు.

గదుల విషయంలో, బుకింగ్ చేసేటప్పుడు పిల్ల వయసు ఉన్నదున్నట్టు వేయండి. ఒక హోటల్‌లో పన్నెండు దాటితే పెద్దవారే, మరో హోటల్‌లో పదిహేడు వరకు పిల్లలే. వయసు వేశాకే అసలు ధర తెలుస్తుంది. జపాన్‌లో చాలాచోట్ల గదికి ఇంత అని కాక, ఉండే మనుషుల సంఖ్యను బట్టి ధర మారుతుంది. అక్కడ 'సెమీ డబుల్' అనే గదులు ఇద్దరికి చౌకగా కనిపిస్తాయి, కాని ఆ మంచం వెడల్పు సుమారు 120 సెంటీమీటర్లే. పదిహేనేళ్ల పిల్లతో వారం రోజులు దాని మీద పడుకోవడం కష్టం. రెండు వేర్వేరు మంచాలుండే 'ట్విన్' గది చూసుకోండి. హాస్టళ్లు చౌకే గాని, పద్దెనిమిది నిండని వారిని అందరూ కలిసి ఉండే గదుల్లోకి చాలా హాస్టళ్లు రానివ్వవు. ఇందులో ఒక వింత ఉంది: తొలి యూత్ హాస్టల్‌ను జర్మనీలోని ఆల్టెనా కోటలో 1912లో తెరిచిన రిచర్డ్ షిర్‌మాన్ బడిపంతులు, ఆయన ఆలోచించింది బడిపిల్లల యాత్రల కోసమే. మీ ఇద్దరికీ విడి గది ఇచ్చే హాస్టల్ దొరికితే మాత్రం వదలకండి, వంటగది వాడుకునే వీలుంటుంది.


సమాధానం
పత్రాలసంచి:

పై సమాధానంలో ఖర్చుల సంగతి వివరంగా వచ్చింది కాబట్టి నేను మైనరు పత్రాల వరకే చెబుతాను.

తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లను దేశం దాటిస్తున్నప్పుడు రెండోవారి అనుమతి ఉందా అని అడిగే అధికారం సరిహద్దు అధికారులకు ఉంటుంది. విడిపోయిన దంపతుల్లో ఒకరు బిడ్డను మరో దేశానికి ఎత్తుకుపోయే సంఘటనల వల్లనే ఈ జాగ్రత్త వచ్చింది. అటువంటి పిల్లలను తిరిగి రప్పించడానికి 1980లో హేగ్ ఒప్పందం కూడా కుదిరింది. మీ కుటుంబంలో ఏ గొడవా లేకపోవచ్చు, కాని కౌంటర్ వెనక కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలియదు కదా. కెనడా వంటి దేశాలు అనుమతి పత్రం వెంట తెచ్చుకోమని బహిరంగంగానే సూచిస్తాయి. దక్షిణాఫ్రికా 2015లో పిల్లల జనన ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేసి, ఇబ్బందులు ఎక్కువై తరువాత ఆ నిబంధనను సడలించింది. చాలా సరిహద్దుల్లో ఎవరూ అడగరు కూడా. అయినా అడిగినప్పుడు లేకపోతే ఆ విమానం మీది కాదు.

అందుకని వారి నాన్నగారి చేత ఒక అనుమతి పత్రం రాయించి నోటరీ చేయించండి. అందులో అమ్మాయి పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, మీ వివరాలు, ఏ దేశానికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎక్కడ ఉంటారు, ఆయన ఫోన్ నంబరు ఏమిటి అన్నవన్నీ ఉండాలి. అత్యవసరంగా వైద్యం అవసరమైతే నిర్ణయం తీసుకునే అధికారం తల్లికి ఉందనే ఒక వాక్యం చేర్చితే ఇంకా మంచిది. దీన్ని ఇంగ్లీషులో రాయించండి. దీనికి జనన ధ్రువపత్రం, ఆయన పాస్‌పోర్టు లేదా గుర్తింపు కార్డు నకలు జతచేయండి. పాస్‌పోర్టుల్లో మీ ఇంటిపేరు, అమ్మాయి ఇంటిపేరు వేరువేరుగా ఉంటే జనన ధ్రువపత్రం అవసరం రెట్టింపవుతుంది. వీసా దరఖాస్తులో మైనరు తరఫున తల్లిదండ్రులే సంతకం చేయాలి కనుక ఈ పత్రాలు ఆ దశలోనే కావాలి, చివరి వారానికి వదిలేయకండి.

సరిహద్దు దగ్గర కూడా వయసు గీతలున్నాయి. జపాన్‌లో దిగగానే వేలిముద్రలు, ఫొటో పదహారేళ్లు నిండిన విదేశీయుల దగ్గరే తీసుకుంటారు. మీ అమ్మాయికి ఉండదు, మీకు ఉంటుంది. అక్కడ పాస్‌పోర్టు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్న చట్టం కూడా పదహారు నిండినవారికే. షెంగెన్ వీసాకైతే పన్నెండు దాటితే వేలిముద్రలు ఇవ్వాలి, కాబట్టి దరఖాస్తు రోజున అమ్మాయి కూడా వెంట రావాలి. ఆ రోజు పరీక్షలు లేకుండా చూసుకోండి.

డబ్బు కారిపోయే ఒక చోటును గురించి కూడా చెప్పాలి. సింగపూర్, థాయ్‌లాండ్ వంటి దేశాలు చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ప్రవేశ పత్రం నింపమంటాయి. ఇవి పూర్తిగా ఉచితం. ప్రభుత్వ సైటును పోలిన సైట్లు కొన్ని ముందు వరసలో కనిపించి, అదే పత్రానికి రుసుము వసూలు చేస్తాయి. చిరునామా ఆ దేశ ప్రభుత్వానిదో కాదో చూశాకే వివరాలు నింపండి.

బీమా విషయంలో పొదుపు చేయకండి. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తప్పనిసరి. అడగని దేశానికి వెళ్లినా తీసుకోండి. మందులుంటే డాక్టరు చీటీతో సహా అసలు పెట్టెలోనే తీసుకెళ్లండి. కొన్ని దేశాల్లో మామూలు మందులు కూడా నిషిద్ధం. ఏకాగ్రత లోపానికి వాడే యాంఫెటమిన్ మందులను జపాన్ డాక్టరు చీటీ ఉన్నా అనుమతించదు. ఈ-సిగరెట్లు సింగపూర్, థాయ్‌లాండ్ రెండింటిలోనూ నిషేధం. మీ అమ్మాయికి ఈ మాట అవసరం లేదని తెలుసు, కాని ఈ ప్రశ్నను చదివే ఇతర తల్లిదండ్రులకు పనికిరావచ్చు. పవర్ బ్యాంకు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. విమాన సంస్థ అనుమతి లేకుండా సామర్థ్యం 100 వాట్-అవర్లకు మించకూడదు. ఇరవై వేల ఎంఏహెచ్ అని రాసి ఉన్నది సుమారు 74 వాట్-అవర్లు, కనుక అది సరిపోతుంది.


తొలిప్రయాణం:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇవన్నీ చదివాక నాలుగు దేశాల ఆలోచన పక్కన పెట్టేశాం. అమ్మాయి కోరినట్టు జపానే, అందులోనూ టోక్యో, క్యోటో రెండే. రైలు పాసు తప్పక కొనాలని ఎవరో చెప్పారట, తను పట్టుబడుతోంది. అది కొనవచ్చునా? రెండో సందేహం, తన చేతికి డబ్బు ఇవ్వాలా, ఇస్తే ఎంత? ఫోన్‌లో తల దూర్చి కూర్చుంటుందేమో, పొద్దున్నే లేవదేమో అన్న భయాలు కూడా ఉన్నాయి. అంత ఖర్చు పెట్టి వెళ్లి, మధ్యాహ్నం దాకా గదిలో ఉండిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.


సమాధానం
ఇద్దరిపిల్లలతండ్రి:

అమ్మా, పొద్దున్నే లేవకపోవడం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే కుటుంబ ప్రయాణాల్లో సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. కౌమారంలో శరీర గడియారం సహజంగానే వెనక్కి జరుగుతుంది; ఆ వయసులో నిద్ర ఆలస్యంగా వస్తుంది, మెలకువా ఆలస్యంగానే వస్తుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో, ఉన్నత పాఠశాలలు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలు కాకూడదని సూచించింది కూడా. దానికి తోడు తూర్పు దిక్కుగా ప్రయాణిస్తే శరీరం కొత్త సమయానికి అలవాటు పడటం ఇంకా కష్టమవుతుంది. కాబట్టి తనది బద్ధకమని అనుకోకండి. మీరు ముందు లేచి ఒక్కరే అలా వీధిలో నడిచి రండి, పదింటికి ఇద్దరూ కలిసి బయలుదేరండి, రాత్రి కొంచెం ఎక్కువసేపు తిరగండి. టోక్యో వంటి నగరం దీపాలు వెలిగాకే ఆ వయసు వారికి నచ్చుతుంది. షింజుకులోని టోక్యో మహానగర ప్రభుత్వ భవనం 45వ అంతస్తులో, 202 మీటర్ల ఎత్తున, నగరం చూడటానికి ఉచితంగా వెళ్లనిస్తారు. క్యోటోలోని ఫుషిమి ఇనారి ఆలయానికి రుసుమూ లేదు, మూసే వేళా లేదు. ఎర్రటి తోరణాల దారిలో సాయంత్రం నడిస్తే పగటి గుంపు ఉండదు.

మ్యూజియాలు ఉచితమన్న మాటతో నాకు చిన్న విభేదం ఉంది. ఉచితం కనుక వెళ్లాలనుకోవడం పెద్దల ఆలోచన. తనకు ఆసక్తి లేని మూడు ఉచిత మ్యూజియాల కంటే, టికెట్ పెట్టి చూసే ఒక్క చోటు ఎక్కువ విలువ చేస్తుంది. ప్రయాణానికి ముందే ఇద్దరూ విడివిడిగా మూడేసి చోట్లు రాసుకోండి. ఆ ఆరింటికీ మొదట డబ్బు కేటాయించి, మిగిలిన సమయం ఖాళీగా ఉంచండి. బొమ్మల కథల పుస్తకాల దుకాణాల్లో తను రెండు గంటలు గడిపితే ఆ రెండు గంటలూ యాత్రలో భాగమే.

చేతికి డబ్బు ఇవ్వండి. అది మీ కరెన్సీలో కాదు, యెన్లలో, రోజుకు ఇంత అని. చిరుతిళ్లు, పానీయాలు, బొమ్మలు, స్నేహితులకు తెచ్చే చిన్నచిన్న వస్తువులు అన్నీ అందులోంచే. మిగిలితే తనవే, చాలకపోతే మర్నాటి దాకా ఆగాలి. ఇంత అని నేను చెప్పను, మీ మొత్తం మీకే తెలుసు. మీరు రోజుకు అనుకున్న భోజనాల ఖర్చులో ఐదో వంతుతో మొదలుపెట్టి చూడండి. మొదటి రోజు ఆ డబ్బంతా విమానాశ్రయం బయట బొమ్మలమ్మే గాజు పెట్టెల్లోనే పోతుంది, రెండో రోజు నుంచి తను ధర చూసి, ఫోన్‌లో లెక్క వేసి, వస్తువును మళ్లీ అరలో పెట్టేయడం మీరే చూస్తారు. ఇంకో అడుగు ముందుకు వేయగలిగితే, యాత్రలో ఒక పూర్తి రోజును, ఆ రోజు బడ్జెట్‌తో సహా తన చేతిలో పెట్టండి. ఏ రైలు, ఎక్కడ భోజనం, ఎన్నింటికి తిరిగి రావడం, అన్నీ తనే. మీ పని వెంట నడవడమే. దారి తప్పినా, ఎవరూ అడగకపోతే సలహా ఇవ్వకుండా నోరు కట్టుకోవడం మాత్రం తేలిక కాదని ముందే చెబుతున్నాను. ఫోన్ గురించిన భయం కూడా ఆ రోజు కొంత తగ్గుతుంది, ఎందుకంటే మ్యాపు, రైలు వేళలు, అనువాదం అన్నీ అందులోనే ఉంటాయి, మీరే "ఒకసారి చూడు" అని పదిసార్లు అడుగుతారు.

ఒంటరిగా వదిలే విషయంలో మెల్లగా వెళ్లండి. మొదట ఒకే భవనంలో వేర్వేరు అంతస్తులు, తరువాత ఒకే వీధిలో వేర్వేరు దుకాణాలు, అటు తరువాత ఒక గంట. కలుసుకునే చోటు, సమయం ముందే అనుకోవాలి. ఫోన్ పనిచేయకపోయినా ఆ చోటు మారకూడదు. హోటల్ పేరు, చిరునామా జపాన్ లిపిలో ఉన్న కార్డు తన జేబులో ఉండాలి, రిసెప్షన్‌లో అడిగితే ఇస్తారు. పోలీసులకు 110, అంబులెన్సుకు 119 అని తనకు నోటికి రావాలి. ఐరోపా వెళ్లేవారికైతే 112 ఒక్కటే చాలు. మ్యాపును ముందే ఫోన్‌లోకి దించుకోమనండి, నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

కార్డులు కనీసం రెండు ఉండాలి, రెండూ ఒకే పర్సులో ఉండకూడదు. కార్డు గీసేటప్పుడు యంత్రం "మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా" అని మర్యాదగా అడుగుతుంది. ఎప్పుడూ ఆ ఊరి కరెన్సీనే ఎంచుకోండి; రెండోది ఎంచుకుంటే మార్పిడి రేటు దుకాణం తరఫువారు నిర్ణయిస్తారు, అది మీకు లాభంగా ఉండదు. ఏటీఎంలో చిన్న మొత్తాలు పదిసార్లు తీస్తే పదిసార్లు రుసుము పడుతుంది, అందుకని రెండుమూడు సార్లలోనే పని పూర్తి చేసుకోండి.

చివరగా గది గురించి. చౌకగా వస్తోందని నగరం చివర గది తీసుకోవద్దని నా అభిప్రాయం. రోజూ ఇద్దరు మనుషుల రైలు ఛార్జీ, రోజుకు గంటన్నర, సాయంత్రం కాళ్లు నొప్పి పుట్టినప్పుడు టాక్సీ ఎక్కాలన్న మోజు, ఇవన్నీ ఆ పొదుపును తినేస్తాయి. స్టేషన్‌కు పది నిమిషాల నడక దూరంలో ఉంటే గది కొంచెం చిన్నదైనా ఫరవాలేదు. మధ్యాహ్నం అలసిపోయిన పిల్ల ఒక గంట వెనక్కి వచ్చి పడుకునే వీలుంటే సాయంత్రం మళ్లీ మనిషవుతుంది.


పాతబాటసారి:

గది దూరం గురించి ఆయన చెప్పినదే సరైనది, దానికి నేను చేర్చేదేమీ లేదు.

రైలు పాసు మీకు వద్దు. ఏడు రోజుల జపాన్ రైలు పాసు ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000 యెన్లకు పెరిగింది. పాసు కొనమని చెప్పే రాతలు చాలావరకు ఆ పెంపుకు ముందువి. టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైలైన షింకాన్‌సెన్ టికెట్ ఒకవైపుకు సుమారు 14,000 యెన్లు. రానూపోనూ కలిపినా 28,000 దాటీ దాటకుండా ఉంటుంది. పాసులో పిల్లల ధర పదకొండేళ్లకే ఆగిపోతుంది కాబట్టి మీ ఇద్దరికీ పూర్తి ధరే, అంటే లక్ష యెన్లు. మీరు వెళ్లే ఊళ్లు రెండే అయినప్పుడు అంత డబ్బు ముందుగా కట్టడంలో అర్థం లేదు. ఈ లెక్కను అమ్మాయి చేతే వేయించండి, పట్టు దానంతటదే సడలుతుంది.

ఇంకొంచెం తగ్గించే దారి ఒకటుంది. విమానం టికెట్‌ను టోక్యోలో దిగి, క్యోటో పక్కనే ఉన్న ఒసాకా నుంచి తిరిగి వచ్చేలా, ఒకే టికెట్‌గా వెతకండి. బుకింగ్ సైట్లలో 'మల్టీ సిటీ' అని ఉంటుంది. ధర మామూలు రానూపోనూ టికెట్‌కు దగ్గరలోనే దొరికితే, షింకాన్‌సెన్ ఒకవైపు ఖర్చు ఇద్దరికీ కలిపి 28,000 యెన్లు మిగులుతుంది, వెనక్కి ప్రయాణించే సగం రోజూ మిగులుతుంది. నగరాల లోపల తిరగడానికి రైళ్లకు, బస్సులకు పనికొచ్చే సుయికా వంటి ప్రయాణపు కార్డులో డబ్బు వేసుకుంటే చాలు.

తేదీలు ఖాయం చేసే ముందు అక్కడి పండుగలు చూసుకోండి. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం వరకు ఉండే గోల్డెన్ వీక్, ఆగస్టు మధ్యలో వచ్చే ఓబోన్, ఈ రెండు వేళల్లోనూ ఆ దేశమంతా ప్రయాణంలో ఉంటుంది. గదుల ధరలు పెరుగుతాయి, రైళ్లలో సీట్లు దొరకడం కష్టమవుతుంది. మీ సెలవులు ఆగస్టు మధ్యకు తగిలితే వారం ముందుకో వెనక్కో జరపండి. జరిపే వీలు లేకపోతే షింకాన్‌సెన్‌లో రిజర్వు సీట్లను అమ్మకం మొదలయ్యే రోజునే తీసుకోండి, అది ప్రయాణానికి సరిగ్గా నెల ముందు ఉంటుంది.